బ్రోకర్ ఉత్తరం చేరవేస్తుంది, అర్థం చెప్పదు: వేర్వేరు భాషల ప్రోగ్రాములను కలపడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో మాది ముగ్గురు మనుషుల సాఫ్ట్‌వేర్ కార్యాలయం. ఇటు కాశీనగర్, గుణుపురం, బరంపురం, అటు పాతపట్నం, పలాస ప్రాంతాల చిన్న వ్యాపారాలకు ప్రోగ్రాములు రాసి నిలబెడతాం. అవి పడిపోయినప్పుడు బండి వేసుకుని వెళ్లి లేపి వస్తుంటాం. ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసే మెసేజ్ బ్రోకర్ గురించి అక్కడి కుర్రాళ్లు, కాలేజీ విద్యార్థులు, ఒక్కోసారి షావుకార్లే అడిగిన ప్రశ్నలివి. జవాబుల్లో చాలావరకు మేము దెబ్బతిని నేర్చుకున్నవే.

ఉదాహరణలన్నీ ఒకే జీడి గోడౌనువి. అక్కడ నాలుగు ప్రోగ్రాములున్నాయి, ఒక్కోటి ఒక్కో ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. కాటా దగ్గరి పాత కంప్యూటర్‌లో తూకం చదివేది పైథాన్. బిల్లులు వేసేది పీహెచ్‌పీ. ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయారు. సరుకు ఖాతా జావాలో ఉంది. రైతు ఫోనుకు ఎస్సెమ్మెస్ పంపేది నోడ్.జేఎస్.

బ్రోకర్‌ను పెడితే కమీషన్ ఎంత తీసుకుంటాడు?

ఈ మాట నిజంగానే అడిగారు, జీడి పిక్కల వ్యాపారంలో ఏళ్ల తరబడి దళారులతో వేగిన ఒక పెద్దాయన. ఈ బ్రోకర్ మనిషి కాదు, ప్రోగ్రామ్. ర్యాబిట్‌ఎమ్‌క్యూ, కాఫ్కా, మస్కీటో వంటివి ఉచితంగానే దొరుకుతాయి. కమీషన్ లేదు గాని పోషణ ఖర్చు ఉంది: కొంత మెమొరీ, కొంత డిస్కు, రోజుకొకసారి దాని ముఖం చూసే మనిషి.

ఆయనకు నచ్చని సంగతి మరొకటి చెప్పాను. దళారికి సరుకు విలువ తెలుసు, రెండువైపులా మాట్లాడి బేరం కుదురుస్తాడు. ఈ బ్రోకర్ సంచి మూతి కూడా విప్పదు. ఇచ్చింది ఇచ్చినట్లు అవతల అప్పగిస్తుంది. "అయితే ఇది బ్రోకర్ ఎలా అవుతుంది, టపా మనిషి గాని" అన్నారాయన. అంతకంటే బాగా నేను చెప్పలేను.

అన్నీ ఒకే భాషలో తిరిగి రాసుకుంటే పోదా?

పోతుంది. దానితోపాటు ఏడాది కాలమూ చేతిలోని డబ్బూ పోతాయి. మా జిల్లాలో ఇంట్లో తెలుగు, కచేరీలో ఒడియా, సంతలో సవర వినిపిస్తాయి. అందరికీ ఒకే భాష వచ్చేదాకా సంత ఆగలేదు.

ప్రోగ్రాములు ఒకదాన్నొకటి నేరుగా పిలుచుకోవచ్చు కదా, మధ్యలో ఇదెందుకు?

నేరుగా పిలవాలంటే, పిలిచే క్షణంలో రెండోది మేలుకుని ఉండాలి. కాటా దగ్గర బస్తా దిగింది, తూకం అయింది, ఆ సమయానికి జావా సర్వరును ఎవరో రీస్టార్ట్ చేస్తున్నారు. పైథాన్ ఏం చేయాలి? ఎదురుచూస్తూ కూర్చుంటే వెనక బండ్లు బారులు తీరుతాయి. వదిలేస్తే తూకం ఖాతాకెక్కదు.

బ్రోకర్ ఉంటే పైథాన్ తన సందేశాన్ని దాని చేతికిచ్చి తర్వాతి బస్తా చూసుకుంటుంది. జావా లేచినప్పుడు తన క్యూలో (సందేశాలు వరుసగా వేచి ఉండే చోటు) ఉన్నవి వరుసగా తీసుకుంటుంది. ఇంకో సుఖం: రేపు ఐదో ప్రోగ్రామ్ వచ్చి నాకూ తూకాలు కావాలి అంటే పైథాన్‌ను ముట్టుకోనక్కరలేదు. ర్యాబిట్‌ఎమ్‌క్యూలో పంపేవారు క్యూకు కాదు, ఎక్స్‌ఛేంజ్‌కు పంపుతారు. టపా కచేరీలో ఉత్తరాలు వేరుచేసే బల్ల లాంటిదది. ఏ ఉత్తరం ఎన్ని క్యూలలో పడాలో అక్కడ తేలుతుంది. కొత్త క్యూ కట్టి ఆ బల్లకు తగిలిస్తే చాలు.

పైథాన్ పంపింది జావాకు ఎలా అర్థమవుతుంది?

అర్థం కాదు. ఈ మొత్తం వ్యవహారంలో ఎక్కువ మంది బోల్తా కొట్టేది ఇక్కడే. బ్రోకర్‌ను పెడితే భాషల సమస్య తీరిపోతుందని, అది దుబాసీలా రెండువైపులా మాట మార్చి చెబుతుందని అనుకుంటారు. మేమూ అనుకున్నాం.

ఇందులో రెండు ఒప్పందాలున్నాయి. ఒకటి కవరు గురించి: బ్రోకర్‌ను ఎలా పలకరించాలి, ఏ క్యూ, అందినట్లు రసీదు ఎలా ఇవ్వాలి. ఇది మనం కుదుర్చుకోనక్కరలేదు. ఏఎమ్‌క్యూపీ అనే ప్రోటోకాల్‌ను (యంత్రాలు మాట్లాడుకునే నియమావళి) 2003లో జేపీమోర్గాన్ చేజ్ బ్యాంకులో జాన్ ఓహారా మొదలుపెట్టింది ఇందుకే. ఏ కంపెనీ యంత్రమైనా ఏ భాషలోని ప్రోగ్రామైనా ఒకే తీరున సందేశాలు ఇచ్చిపుచ్చుకోవాలన్నది ఉద్దేశం. 2007లో వచ్చిన ర్యాబిట్‌ఎమ్‌క్యూ దాన్నే పాటిస్తుంది. పైథాన్‌కు పికా, జావాకు దాని సొంత క్లయింటు, పీహెచ్‌పీకి, నోడ్‌కు, గోకు, డాట్‌నెట్‌కు వేటి లైబ్రరీలు (ముందే రాసి ఉంచిన కోడ్) వాటికి ఉన్నాయి. బ్రోకర్‌తో మాట్లాడటం ఒక పూట పని.

రెండో ఒప్పందం కవరులోని ఉత్తరం గురించి. బ్రోకర్‌కు అది బైట్ల మూట, అంతే. దాన్ని ఏ భాషలో రాయాలి, ఏ మాటకు ఏమిటర్థం అన్నది పంపేవారు, అందుకునేవారు కూర్చుని తేల్చుకోవాలి. ఇందులో మీకు ఎవరూ సాయం రారు.

అలాగే ఒక ప్రోగ్రామింగ్ భాష తన సొంత లోపలి రూపంలో మూటగట్టినదాన్ని క్యూలో వేయవద్దు. పైథాన్ పికిల్‌ను పైథానే విప్పగలదు. జావా సీరియలైజేషన్‌దీ అదే కథ. పైగా పరాయివారు ఇచ్చిన పికిల్‌ను విప్పడమంటే, లోపల వాళ్లు దాచిన ఏ ఆదేశాన్నైనా మీ కంప్యూటర్‌లో నడవనివ్వడమే. మామూలు పనులకు, ఏ భాషైనా చదవగలిగే జేసన్ అనే సాదా అక్షరాల రూపం చాలు. సందేశాల రాక లక్షలకు చేరినప్పుడు గూగుల్ 2008లో బయటపెట్టిన ప్రోటోకాల్ బఫర్స్ గాని, ఆవ్రో గాని చూడవచ్చు.

మరి జేసన్ వాడుతున్నాం కదా, ఇంక ఒప్పందమెందుకు?

జేసన్ లిపి లాంటిది. ఇద్దరికీ ఒకే లిపి వచ్చినంత మాత్రాన మాటలు కలవవు. మాకు తగిలిన రాళ్లు కొన్ని చెబుతాను.

సంఖ్యలు. జావాలో పూర్ణాంకం పందొమ్మిది అంకెల దాకా పోతుంది. జావాస్క్రిప్టు మామూలు సంఖ్యలో 9007199254740991 దాటితే నమ్మకం లేదు. జావా 9007199254740993 అని పంపితే నోడ్ 9007199254740992 అని చదువుతుంది. లోపం చూపదు, కేక వేయదు. ఒక రైతు బిల్లు నంబరు ఇంకొకరిది అయిపోతుంది. నంబరులా కనిపించే గుర్తింపులన్నీ కొటేషన్ గుర్తుల మధ్య, అక్షరాలుగానే పంపండి. వాటితో ఎవరూ కూడికలు చేయరు కదా.

డబ్బు, బరువు. దశాంశాలు వద్దు. 79.85 కిలోలను 79850 గ్రాములుగా, రూపాయలను పైసలుగా పూర్ణాంకాల్లో పంపితే ఏ భాషలోనూ చివరి అంకె జారదు.

కాలం. పైథాన్ సామాన్యంగా 1970 నుంచి సెకన్లు లెక్కపెడుతుంది, జావాస్క్రిప్టు మిల్లీసెకన్లు. బిల్లు మీద 1970 జనవరి మూడో వారం తేదీ కనిపిస్తే కారణం వెతకనక్కరలేదు, సెకన్లను మిల్లీసెకన్లుగా చదివారు. దీన్ని కనీసం గుర్తుపట్టవచ్చు. కనిపించనిది ఇంకొకటుంది. సర్వరు గడియారం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటుంది, మనం దానికి ఐదున్నర గంటలు ముందు. సీజనులో రాత్రి తెల్లవార్లూ బండ్లు దిగుతాయి. అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర లోపు తూచిన బస్తాలన్నీ ముందు రోజు ఖాతాలో పడుతూ వచ్చాయి. నెల మొత్తం సరిపోతుంది, రోజు మొత్తం సరిపోదు. గుమాస్తా మీద అనుమానపడ్డారు పాపం. ఇప్పుడు ప్రతి సందేశంలోనూ సమయం చివర ప్లస్ 05:30 అని రాసి తీరతాం.

ఊళ్ల పేర్లు. మా ఊరినే తీసుకోండి: పర్లాకిమిడి, పర్లాకిమెడి, పారలాఖెముండి. బరంపురం, బెర్హంపూర్, బ్రహ్మపుర్. ఒక్కో ప్రోగ్రామ్ ఒక్కో రూపాన్ని పట్టుకుని ఉంటే ఒకే ఊరు మూడు ఊళ్లవుతుంది. పేరు మనుషులకు, కోడ్ యంత్రాలకు. మాది 761200 అనే పిన్‌కోడ్. పిన్‌కోడ్ మరీ పెద్ద ప్రాంతమైపోతే కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ కోడ్ ఉంది.

తెలుగు, ఒడియా, సవర పేర్లు ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకొకదానికి వెళ్లేసరికి పాడవుతున్నాయి, ఎందుకు?

ఇది మా సరిహద్దు వాళ్లకు ప్రత్యేకంగా తగిలే ప్రశ్న కాబట్టి కొంచెం తీరిగ్గా చెబుతాను.

క్యూలో వెళ్లేదంతా యూటీఎఫ్-8 (అన్ని లిపుల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతి) అన్నది మొదటి నియమం. జేసన్ ప్రమాణం కూడా 2017 నుంచి వ్యవస్థల మధ్య వెళ్లేదానికి అదే చెబుతోంది. అందులో తెలుగు, ఒడియా అక్షరాలు ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటాయి. ఇప్పుడు 'తెలుగు' అనే మాట పొడవెంత అని అడిగి చూడండి. త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం కలిపి ఆరు అంటాయి పైథాన్, జావా, జావాస్క్రిప్టు. గో, పీహెచ్‌పీల మామూలు ఫంక్షన్లు పద్దెనిమిది అంటాయి, అవి బైట్లు లెక్కపెడతాయి కనుక. అందరూ నిజమే చెబుతున్నారు. ప్రశ్న అర్థమైన తీరు వేరు.

దీనివల్ల ఏమవుతుందో వినండి. భారతీయ లిపుల్లో ఎస్సెమ్మెస్‌కు హద్దు 70 అక్షరాలు, ఇంగ్లీషుకైతే 160. మా పీహెచ్‌పీ ప్రోగ్రామ్ రైతుకు పంపే తెలుగు వాక్యాన్ని 70 దగ్గర కత్తిరించేది. కాని అది లెక్కపెట్టింది బైట్లను. ఇరవై మూడు అక్షరాలకే 69 బైట్లు అయిపోతాయి, డెబ్బైయ్యవ బైటు తర్వాతి అక్షరాన్ని ఒక ముక్క తెంపుకుని వస్తుంది. తెగిన అక్షరం యూటీఎఫ్-8 కాదు. పీహెచ్‌పీ జేసన్ ఫంక్షను దాన్ని చూసి, గొడవేమీ చేయకుండా 'కాదు' అనే విలువను తిరిగి ఇస్తుంది. మేము ఆ 'కాదు'ను చూసుకోకుండా క్యూలో వేశాం. అది ఖాళీ సందేశమై వెళ్లింది. అవతల నోడ్ ఖాళీని జేసన్‌గా చదవబోయి బోల్తా కొట్టింది. తప్పు ఒక భాషలో, చావు ఇంకో భాషలో. బ్రోకర్ తన పని తాను సక్రమంగా చేసింది, ఖాళీ కవరును జాగ్రత్తగా అందించింది. బహుభాషల్లో చేదు ఇదే: కేక వినిపించిన చోట దొంగ ఉండడు.

మందు ఏమిటంటే, పీహెచ్‌పీలో ఎంబీ అని మొదలయ్యే ఫంక్షన్లు వాడటం, జేసన్ విఫలమైతే లోపం ఎత్తి చూపమని స్పష్టంగా అడగటం, పీహెచ్‌పీ 7.3 నుంచి ఆ సౌకర్యం ఉంది. ఎంబీ ఫంక్షన్లు కూడా గుణింతాన్ని హల్లు నుంచి విడదీయగలవు. 'కు'ను 'క' దగ్గర కోస్తే యంత్రానికి తప్పు లేదు, చదివేవాడికే అర్థం మారిపోతుంది.

సవర సంగతి వేరు. ఆ భాషకు నిఘంటువు, వ్యాకరణం కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు పనిచేసింది మా పర్లాకిమిడిలోనే. ఆ తర్వాత 1936లో మంగేయి గొమాంగొ సవరకు సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని రూపొందించారు. అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో 2012లో, 6.1 వెర్షన్‌లో, దానికి చోటు దొరికింది. కాని ఆ చోటు తెలుగు, ఒడియా ఉన్న మొదటి అరవై అయిదు వేల పైచిలుకు గదుల్లో కాదు, వాటికి ఆవల. అందుకే యూటీఎఫ్-8లో ఒక్కో సవర అక్షరం నాలుగు బైట్లు. జావా, జావాస్క్రిప్టు ఒక్క అక్షరాన్ని రెండుగా లెక్కపెడతాయి, పైథాన్ ఒకటే అంటుంది. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో యూటీఎఫ్8 అని పేరు పెట్టుకున్న పాత పద్ధతికి మూడు బైట్లకు మించి చోటు లేదు, యూటీఎఫ్8ఎంబీ4 ఎంచుకోవాలి. తెలుగుతో పరీక్షించి బాగుందనుకున్న వ్యవస్థ మొదటి సవర పేరు దగ్గర ఆగిపోతుంది. గజపతి, రాయగడ జిల్లాల్లో పని చేయించేవారు పరీక్ష సందేశాల్లో ఒక సవర పేరు తప్పనిసరిగా పెట్టండి.

కంటికి ఒకేలా కనిపించే రెండు మాటలు యంత్రానికి వేరుగా ఉండటం ఇంకో చిక్కు. 'ఒడిశా' అని ఒడియాలో రాసినప్పుడు 'డ' కింద చుక్క ఉంటుంది. ఆ అక్షరాన్ని ఒకే కోడ్‌గానూ రాయవచ్చు. డ ఒకటి, చుక్క ఒకటిగా రెండు కోడ్‌లుగానూ రాయవచ్చు. తెలుగులో ఐత్వానికీ ఇలా రెండు దారులున్నాయి. పంపే ముందు ప్రతి ప్రోగ్రామూ యూనికోడ్ ఎన్ఎఫ్‌సీ పద్ధతిలో (ఇలాంటి రెండు దారులను ఒకటిగా చేసేది) సరిచేసి పంపాలని ఒప్పందంలో రాసుకుంటే ఈ గొడవ వదులుతుంది.

బ్రోకర్ తెర మీద తెలుగుకు బదులు వెనకగీతలు, అంకెలు కనిపిస్తే కంగారుపడకండి. పైథాన్ అలవాటుగా ఇంగ్లీషు కాని అక్షరాలను అలా మార్చి పంపుతుంది. అవతల సరిగ్గానే విప్పుకుంటారు. కాకపోతే 'తెలుగు' పద్దెనిమిదికి బదులు ముప్పై ఆరు బైట్లవుతుంది.

రూపం మార్చే పని బ్రోకర్‌కే అప్పగించలేమా?

ర్యాబిట్‌ఎమ్‌క్యూ ఆ పని చేయదు, చేయకపోవడమే మంచిది. 1900లో మొదలైన మా పర్లాకిమిడి చిన్న రైలు గుర్తుందా? అది నేరోగేజి, నౌపడ దగ్గర తగిలే పెద్ద లైను బ్రాడ్‌గేజి. సరుకు నౌపడలో దించి మళ్లీ ఎక్కించాల్సిందే. పాత ప్రోగ్రామ్ ఎక్స్‌ఎమ్‌ఎల్ (జేసన్ లాంటి ఇంకో రూపం) తప్ప పంపలేదనుకోండి, మీరూ ఒక నౌపడ కట్టుకోండి: ఒక క్యూలోంచి తీసి, జేసన్‌గా మార్చి, ఇంకో క్యూలో వేసే చిన్న ప్రోగ్రామ్. దానికి ఇంకే పనీ పెట్టకండి. పాత ప్రోగ్రామ్ పోయిననాడు దాన్నీ ఎత్తేయవచ్చు, మా గేజి మార్చినట్లే.

ర్యాబిట్‌ఎమ్‌క్యూ, కాఫ్కా, ఎమ్‌క్యూటీటీ: ఏది మేలు?

ఇవి ఒకే జాతివి కావు. ఎమ్‌క్యూటీటీ ప్రోటోకాల్, 1999లో ఆర్లెన్ నిప్పర్, ఐబీఎంలోని ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్ కలిసి చమురు గొట్టాల మీది పరికరాల కోసం తయారుచేశారు. ఉపగ్రహం మీదుగా బైటు బైటుకూ డబ్బు కట్టే రోజులవి. అందుకే దాని శీర్షిక రెండు బైట్లతో మొదలవుతుంది. సన్నని నెట్‌వర్కు, చిన్న పరికరాలు ఉన్నచోట అదే వాడండి.

కాఫ్కా లింక్డిన్‌లో పుట్టి 2011లో బయటికి వచ్చింది. అది టపా కాదు, దినచర్య పుస్తకం. చదివిన సందేశం చెరిగిపోదు. మామూలు అమరికలో ఏడు రోజులు ఉంటుంది, వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోవచ్చు. గొప్ప వస్తువే గాని, రోజుకు వెయ్యి బస్తాలు తూచే గోడౌనుకు కాఫ్కా అడిగే కుర్రాళ్లను చూస్తే, పెరట్లో బావికి ఆనకట్ట కడతామన్నట్లు ఉంటుంది. మా పనులకు ర్యాబిట్‌ఎమ్‌క్యూ సరిపోయింది.

కాటా పరికరం ఎమ్‌క్యూటీటీ మాత్రమే మాట్లాడుతుంది, జావా ఏఎమ్‌క్యూపీ. కలుస్తాయా?

కలుస్తాయి. ర్యాబిట్‌ఎమ్‌క్యూలో ఎమ్‌క్యూటీటీ ప్లగిన్‌ను తెరవండి. ఎమ్‌క్యూటీటీలో టాపిక్ (సందేశపు చిరునామా) పేరు మధ్య ఏటవాలు గీతలుంటాయి, ఏఎమ్‌క్యూపీ వైపు అవి చుక్కలవుతాయి. 'గోడౌను/కాటా/1' అవతల 'గోడౌను.కాటా.1' అవుతుంది. ఇది తెలియక ఒక రోజంతా ఖాళీ క్యూను చూస్తూ కూర్చున్నాం. ఇక్కడ కూడా మారేది కవరే, ఉత్తరం కాదు.

ఒకే తూకం రెండుసార్లు ఖాతాకెక్కింది. బ్రోకర్ తప్పా?

కాదు. జావా సందేశం తీసుకుంది, ఖాతాలో రాసింది, రసీదు ఇచ్చేలోపు కరెంటు పోయింది. రసీదు రాలేదు కాబట్టి బ్రోకర్ మళ్లీ ఇచ్చింది. పోగొట్టడం కంటే రెండుసార్లు ఇవ్వడం మేలని దాని లెక్క. ప్రతి సందేశానికీ పంపేవారే ఒక విడి గుర్తింపు ఇవ్వాలి. అందుకునేవారు ఆ గుర్తింపును, తూకాన్ని ఒకే లావాదేవీలో డేటాబేస్‌లో రాయాలి. అదే గుర్తింపు మళ్లీ వస్తే రసీదు ఇచ్చి పక్కన పెట్టాలి. దీన్ని తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. మొదటి రోజునే చేయండి.

ఒక్క సందేశం దగ్గర అంతా ఆగిపోయింది. ఏం చేయాలి?

పైన చెప్పిన ఖాళీ సందేశం చేసిన పనే ఇది. నోడ్ చదవలేక తిరస్కరించింది, 'మళ్లీ క్యూలో పెట్టు' అని కూడా అంది. బ్రోకర్ పెట్టింది, మళ్లీ ఇచ్చింది, మళ్లీ తిరస్కారం. సెకనుకు వందలసార్లు. ఆ రాత్రి లాగ్ ఫైలు డిస్కును నింపేసింది.

చదవలేని సందేశాన్ని తిరిగి క్యూలో పెట్టమనకండి. చిరునామా దొరకని ఉత్తరాలకు టపాశాఖలో డెడ్ లెటర్ ఆఫీసు ఉండేది. ర్యాబిట్‌ఎమ్‌క్యూలోనూ ఆ పేరుతోనే డెడ్ లెటర్ ఎక్స్‌ఛేంజ్ ఉంది. తిరస్కరించినవి అక్కడికి వెళ్లేలా కట్టుకుని, ఆ క్యూను ఉదయం ఒక మనిషి చూసేలా పెట్టుకోండి. కోరం క్యూలు (సందేశాల నకళ్లను ఒకటికి మించిన యంత్రాల్లో ఉంచగలిగే రకం) వాడితే, ర్యాబిట్‌ఎమ్‌క్యూ 4.0 నుంచి ఇరవై సార్లు తిరిగిన సందేశాన్ని బ్రోకరే పక్కకు తీస్తుంది. డెడ్ లెటర్ ఏర్పాటు లేకపోతే మాత్రం పక్కకు తీయడమంటే పారేయడమే.

కరెంటు, నెట్ పోతే సందేశాలు పోతాయా?

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, మా జిల్లాలో వాగులు పొంగి కొండచరియలు విరిగిపడ్డాయి. స్తంభాలు కూలి, రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను లేదు. అప్పటికి మా పైథాన్ తూకాన్ని నేరుగా బరంపురంలోని సర్వరుకు పంపేది. జనరేటరు వేసి తూచినవి కూడా ఎక్కడికీ చేరలేదు. కాగితం మీద రాసుకున్నవే మిగిలాయి.

ఇప్పుడిలా చేస్తున్నాం. తూకం ముందు ఆ కంప్యూటర్‌లోనే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ ఫైలులో పడుతుంది. అక్కడినుంచి వేరే చిన్న ప్రోగ్రామ్ తీసి బ్రోకర్‌కు ఇస్తుంది. 'ముట్టింది' అని బ్రోకర్ ఖాయపరిచాకే ఫైలులో టిక్కు పెడుతుంది. ఆ ఖాయపరచడాన్ని మీరు అడగాలి, అడగకపోతే రాదు. క్యూ డ్యూరబుల్‌గా (బ్రోకర్ ఆగి లేచినా నిలిచేలా) ఉండాలి, సందేశం కూడా పర్సిస్టెంట్ (డిస్కు మీద దాచాల్సినది) అని గుర్తు వేసుకుని ఉండాలి. చాలామంది మొదటిది చేసి రెండోది మరచిపోతారు. బ్రోకర్ తిరిగి లేచాక క్యూ ఉంటుంది, అందులో ఏమీ ఉండదు.

పైథాన్ ప్రోగ్రామ్ కనెక్షన్ ఊరికే తెగిపోతోంది. నెట్ బాగానే ఉంది.

మీ ఫంక్షను ఒక్కో సందేశానికి నిమిషాల తరబడి పనిచేస్తోందా? పికా సాదా కనెక్షన్‌లో ఆ పని ముగిసేదాకా బ్రోకర్‌కు 'ఉన్నాను' అనే సంకేతం వెళ్లదు. మామూలు గడువు అరవై సెకన్లు. మనిషి పోయాడనుకుని బ్రోకర్ తలుపు మూసేస్తుంది. బరువు పనిని వేరే త్రెడ్‌లో (అదే ప్రోగ్రామ్‌లో పక్కన నడిచే ఇంకో పనివరుస) పెట్టండి. రసీదు ఇవ్వకుండా అరగంట దాటినా చానల్ (బ్రోకర్‌తో మాట్లాడే దారి) మూతపడుతుంది.

కంప్యూటర్ పేరు మార్చాం, క్యూలన్నీ మాయమయ్యాయి!

మాయం కాలేదు. ర్యాబిట్‌ఎమ్‌క్యూ తన డేటాను కంప్యూటర్ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో పెట్టుకుంటుంది. పేరు మారితే కొత్త ఇల్లనుకుని ఖాళీగా మొదలవుతుంది. పాత పేరు తిరిగి పెట్టండి, అన్నీ ఉంటాయి.

ర్యాబిట్‌ఎమ్‌క్యూను ఎర్లాంగ్‌లో రాశారట, నేర్చుకోవాలా?

అక్కరలేదు. మీ ర్యాబిట్‌ఎమ్‌క్యూకు సరిపడే ఎర్లాంగ్ వెర్షన్ వేశారా లేదా అని మాత్రం చూసుకోండి.

గెస్ట్ అనే ఖాతాతో పక్క కంప్యూటర్ నుంచి లోపలికి వెళ్లలేకపోతున్నాం.

వెళ్లకూడదనే అలా పెట్టారు. అది ఆ యంత్రం లోపలివారికే. ఒక్కో ప్రోగ్రామ్‌కు ఒక్కో ఖాతా తెరవండి. బ్రోకర్ తలుపైన 5672 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకండి.

సందేశంలో కొత్త ఫీల్డు (బరువు, తేదీ లాంటి ఒక్కో గడి) చేర్చాలంటే అన్ని ప్రోగ్రాములూ ఒకేసారి మార్చాలా?

వద్దు. తెలియని ఫీల్డు కనిపిస్తే పట్టించుకోకుండా సాగిపోవాలని అందరూ ముందే ఒప్పుకుంటే చాలు. పైథాన్, నోడ్ సహజంగానే అలా ఉంటాయి. మేము వాడిన జావా జాక్సన్ లైబ్రరీ మాత్రం తెలియని ఫీల్డును చూడగానే మొత్తం సందేశాన్ని తోసిపుచ్చింది. 'తేమ శాతం' అని ఒక్కటి చేర్చినందుకు సాయంత్రం దాకా ఖాతా నిలిచిపోయింది. దానికొక స్విచ్చు ఉంది, ఆపేయండి. ఉన్న ఫీల్డు అర్థాన్ని మాత్రం ఎప్పుడూ మార్చకండి. కొత్త అర్థానికి కొత్త పేరు.

మాకున్నవి రెండే ప్రోగ్రాములు, ఒకే కంప్యూటర్. బ్రోకర్ కావాలా?

వద్దు. డేటాబేస్‌లో ఒక పట్టికే క్యూగా పనికొస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో 9.5 నుంచి, ఇంకొకరు పట్టుకున్న వరుసలను దాటేసి తర్వాతిది తీసుకునే వీలుంది. మూడో ప్రోగ్రామ్, రెండో కంప్యూటర్ వచ్చిననాడు చూసుకోవచ్చు.

ఒప్పందాన్ని ఎక్కడ, ఏ భాషలో రాసి పెట్టాలి?

ఫీల్డు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండనివ్వండి, నాలుగు భాషల కోడ్‌లోనూ అవే తిరుగుతాయి. వాటి అర్థాన్ని మాత్రం పనిచేసే మనుషుల భాషలో రాయండి. మేము మొదట ఇంగ్లీషులో ఒక ఫైలు రాసుకున్నాం. మేం ముగ్గురం తప్ప ఎవరూ చదవలేదు. తర్వాత ఒక్కో ఫీల్డుకు ఒక్కో వాక్యం చొప్పున తెలుగులో, ఒడియాలో రాసి రెండు కాగితాలు గోడౌనులో కాటా పక్కన గోడకు అంటించాం.

మూడో రోజు ముసలి గుమాస్తా ఆపి అడిగాడు: "బాబూ, ఇక్కడ బరువు అని రాశారు. గోనెతోనా, గోనె తీసేసా?"

పైథాన్ పంపుతున్నది గోనెతో కలిపి. జావా రాసుకుంటున్నది గోనె తీసేసినట్లుగా. రెండూ పూర్ణాంకాలే, రెండూ గ్రాములే, యూటీఎఫ్-8లోనే, ఒక్క లోపం సందేశమూ లేకుండా నాలుగు నెలలు నడిచాయి. బస్తాకు ఒక గోనె బరువు చొప్పున లేని జీడి ఖాతాలో పెరుగుతూ వచ్చింది.

ఇప్పుడా కాగితంలో 'బరువు' అనే మాట లేదు. 'గోనెతో బరువు' ఒకటి, 'గోనె బరువు' ఒకటి ఉన్నాయి. రెండో దాని పక్కన గుమాస్తా తన చేతివ్రాతతో ఒడియాలో ఒక ముక్క చేర్చాడు: వానాకాలంలో గోనెను మళ్లీ తూచాలి, తడిస్తే బరువెక్కుతుంది.